రాక్ బ్యాండ్ ప్రయాణ సరంజామా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఊరూరూ తిరిగి కచేరీలు చేసే రాక్ బృందాల వాద్యాల గురించీ, వేదిక మీద వాటి వెనుక కనిపించే యంత్రసామగ్రి గురించీ వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపివేశాం.

ప్రశ్న: గిటారిస్టుకు ఉన్నవి రెండు చేతులే కదా! ఒక్క కచేరీకి ఎనిమిదీ పదీ గిటార్లు వెంట తెచ్చుకోవడం ఆడంబరం కాదా?

జవాబు: ఆడంబరం బొత్తిగా లేదని చెప్పలేం. కానీ ఆ గిటార్లలో ఎక్కువ భాగానికి ఒక్కొక్కదానికి ఒక్కో పని ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన కారణం శ్రుతి. చాలా బృందాలు కొన్ని పాటలను మామూలు శ్రుతిలోనూ, కొన్నింటిని అర మెట్టు తగ్గించీ, మరికొన్నింటిని అన్నిటికన్నా మందమైన తీగను మాత్రమే ‘ఇ’ స్వరం నుంచి ‘డి’ స్వరానికి దించీ వాయిస్తాయి. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కొన్ని పాటలకు ఆ మందమైన తీగను పూర్తిగా తీసేసి, మిగిలిన అయిదింటినీ ‘జి’ శ్రుతిలో కట్టుకుంటాడు. శ్రుతి మార్చినప్పుడు తీగల బిగింపు మారుతుంది, దానితోపాటు మెడ వంపూ కాస్త మారుతుంది. ఆ వంపు కొత్త బిగువుకు కుదురుకోవడానికి సమయం పడుతుంది కనుక, వేల మంది ఎదుట మరలు తిప్పుతూ నిలబడడం కన్నా, తెరవెనుక సిద్ధంగా ఉన్న మరో గిటారును అందుకోవడమే మేలు.

రెండో కారణం నాదం. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్‌లో తీగల కింద ఉండి, వాటి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు ఒంటి తీగచుట్టతో పనిచేస్తాయి. వాటి పలుకు స్ఫుటంగా, తేటగా ఉంటుంది కానీ, చుట్టుపక్కల కరెంటు తీగల నుంచి వచ్చే గుయ్యిమనే రొదను కూడా అవి పట్టేస్తాయి. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రూపొందించి, 1957 నుంచి లెస్ పాల్ గిటార్లకు అమర్చిన హంబకర్ పికప్‌లో రెండు చుట్టలు ఉంటాయి. ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేయడం వల్ల బయటి రొద రెండింటిలో పరస్పరం రద్దయిపోతుంది, తీగ నాదం మాత్రం ఒకదానికొకటి కలిసి బలపడుతుంది. అందుకే దాని పలుకు బరువుగా, గుండ్రంగా ఉంటుంది. రికార్డులో ఒక పాట ఒక గిటారుతో, మరో పాట మరో గిటారుతో వాయించి ఉంటే, వేదిక మీద కూడా శ్రోత చెవి ఆ తేడాను వెతుక్కుంటుంది.

ఇక మిగిలినవి అదనపు గిటార్లు. తీగ తెగడం ఎప్పుడైనా జరగవచ్చు. ముఖ్యంగా స్ప్రింగుల మీద తేలుతూ ఉండే బ్రిడ్జి (తీగల కింది కొసలు ఆనే లోహపు భాగం) గల గిటారులో ఒక్క తీగ తెగినా పాట అక్కడితో ఆగినట్టే. తీగల లాగుడుకూ స్ప్రింగుల లాగుడుకూ మధ్య ఉన్న సమతూకం చెడి, స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగుతాయి, మిగిలిన అయిదు తీగలూ ఒక్కసారిగా పై శ్రుతికి పోతాయి. అందుకే ప్రధాన గిటారుకు అచ్చం దానిలాంటిదే మరొకటి, అదే మందం తీగలతో, అదే శ్రుతిలో పక్కన ఎదురుచూస్తూ ఉండాలి. ఈ గిటార్ల ఆలనాపాలనా చూసే సహాయకుణ్ణి గిటార్ టెక్ అంటారు. తీగలు మార్చడం, కొత్త తీగలను లాగి లాగి సాగదీసి నిలకడకు తేవడం, పాటల జాబితా ప్రకారం ఏ క్షణంలో ఏ గిటారు అందించాలో గుర్తుంచుకోవడం అతని పని. ప్రేక్షకులు అతణ్ణి గమనించకపోతే అతని పని సవ్యంగా సాగుతున్నట్టే.

ప్రశ్న: వాద్యకారుల వెనుక గోడలా పేర్చిన స్పీకర్ పెట్టెలన్నీ నిజంగా మోగుతాయా? వాటిలో కొన్ని ఖాళీ పెట్టెలని ఎవరో అన్నారు.

జవాబు: మీరు విన్నది నిజమే. ఈ రోజుల్లో పెద్ద వేదికల మీద కనిపించే అలాంటి గోడల్లో ఒకటి రెండు పెట్టెలు మాత్రమే మోగుతూ, మిగిలినవి ఉత్త అలంకారంగా నిలబడి ఉండడం కద్దు. దీన్ని మోసమని అనడానికి మాకు మనసొప్పదు, ఎందుకంటే ఆ గోడకు ఒకప్పుడు నిజమైన అవసరం ఉండేది.

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షియా స్టేడియంలో సుమారు 55,000 మంది ఎదుట బీటిల్స్ వాయించినప్పుడు, గిటార్ల కోసం వోక్స్ కంపెనీ చేసిచ్చిన 100 వాట్ల ఆంప్లిఫయర్లు ఉన్నాయి, పాట మాత్రం ఆ మైదానంలో ప్రకటనలు వినిపించే స్పీకర్లలో నుంచే వెళ్ళింది. జనం కేకల్లో ఆ శబ్దం ఎంతమాత్రం నిలవలేదు. అప్పట్లో గిటారు శబ్దం హాలంతటికీ చేరాలంటే అది గిటారిస్టు వెనుక ఉన్న పెట్టె నుంచే చేరాలి. ఆ ఏడాదే ‘ద హూ’ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ కోరిక మీద జిమ్ మార్షల్ కంపెనీ 100 వాట్ల ఆంప్లిఫయర్‌ను తయారుచేసింది. దానికి 12 అంగుళాల స్పీకర్లు ఎనిమిది బిగించిన పెట్టె కావాలన్నారు. అంత బరువును మోసేవాళ్ళ నడుములు పడిపోతాయని తెలిశాక దాన్ని నాలుగేసి స్పీకర్లుగా రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. రాక్ వేదిక అనగానే మన కళ్ళ ముందు మెదిలే ఆకారం ఆ విధంగా పుట్టింది.

ఈ దారిలో చివరిదాకా వెళ్ళినవాళ్ళు గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం. 1974లో వారు ‘వాల్ ఆఫ్ సౌండ్’ పేరుతో సుమారు 600 స్పీకర్లను తమ వెనుకే గోడగా పేర్చారు. సామగ్రి బరువు 75 టన్నులు. ఆ గోడ ప్రేక్షకులకూ, వాద్యకారులకూ ఒకేసారి వినిపించేది కాబట్టి, గాయకుల మైకుల్లోకి దాని శబ్దం తిరిగి చొరబడకుండా ఒక ఉపాయం పన్నారు. ప్రతి గాయకుడికీ రెండు మైకులు పెట్టి, ఒకదాని సంకేతం రెండోదానికి వ్యతిరేకంగా ఉండేలా కలిపారు, గాయకుడు మాత్రం ఒక్కదానిలోనే పాడేవాడు. రెండింటిలోనూ సమానంగా పడే గోడ శబ్దం రద్దయి, ఒక్కదానిలోనే పడే గొంతు నిలిచేది. ఉపాయం గొప్పదే. అయితే దాన్ని నిలబెట్టడానికి ఎంతో సమయం పట్టేది. ఒక ఊళ్ళో కచేరీ జరుగుతుండగానే తరువాతి ఊళ్ళో మరో వేదిక కట్టుకుంటూ పోవలసి వచ్చేది. ఖర్చు తట్టుకోలేక ఆ ఏడాది అక్టోబరు తరువాత దాన్ని విడిచిపెట్టారు.

ఇప్పుడు గిటారు పెట్టె ముందు చిన్న మైకు ఒకటి ఉంటుంది. 1965 నుంచీ వస్తున్న షూర్ ఎస్ఎమ్57 ఈ పనికి నేటికీ సర్వసాధారణం. పెట్టె నుంచి మైకు, మైకు నుంచి మిక్సరు, మిక్సరు నుంచి జనం వైపు వేలాడే పెద్ద స్పీకర్లు అన్నదే శబ్దం ప్రయాణించే దారి. గిటారిస్టు వెనుక ఎన్ని పెట్టెలున్నా జనానికి వినిపించేది ఆ ఒక్క మైకు ముందున్నదే. పైగా వాట్లు రెట్టింపు చేసినంత మాత్రాన శబ్దం రెట్టింపు కాదు, మూడు డెసిబెళ్ళు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలుగా తోచాలంటే ఇంచుమించు పది రెట్ల వాట్లు కావాలి. చాలా బృందాలు ఇప్పుడు ఆంప్లిఫయర్‌నే మానేసి, దాని నాదాన్ని గణితరూపంలో అనుకరించే ఫ్రాక్టల్, కెంపర్, లైన్ సిక్స్ వంటి కంపెనీల డిజిటల్ పెట్టెలను వాడుతున్నాయి. పాతకాలపు గాజు గొట్టాలతో (వాల్వులతో) పనిచేసే వాల్వు ఆంప్లిఫయర్ చేతికీ చెవికీ ఇచ్చే సంతృప్తి వేరని వాదించేవాళ్ళతో మాకు పేచీ లేదు. కానీ నిన్న రాత్రి వినిపించిన నాదమే ఈ రాత్రి మరో ఊళ్ళో, మరో హాలులో, మరో వోల్టేజీ మీద కూడా వినిపించాలంటే డిజిటల్ పెట్టెదే పైచేయి.

ప్రశ్న: డ్రమ్మర్ చుట్టూ గాజు గోడ ఎందుకు కడతారు?

జవాబు: అది గాజు కాదు, అక్రిలిక్ పలక. డ్రమ్ముల వెంట ఉండే లోహపు తాళాల (సింబళ్ళ) చప్పుడు గాయకుల మైకుల్లోకి పోకుండా అడ్డుకోవడానికి దాన్ని చిన్న హాళ్ళలో ఎక్కువగా వాడతారు. పెద్ద మైదానాల్లో దాని అవసరం తక్కువ. డ్రమ్ముల కింద పరిచే తివాచీకి కూడా ఒక ప్రయోజనం ఉంది. తొక్కుడు దెబ్బలకు బేస్ డ్రమ్ము ముందుకు జారిపోకుండా అది పట్టి ఉంచుతుంది. దాని మీద ప్రతి స్టాండు కాలికీ టేపుతో గుర్తు పెట్టి ఉంచుతారు కనుక, ఏ ఊళ్ళో పరిచినా డ్రమ్ములన్నీ అదే కోణంలో, అదే దూరంలో నిలబడతాయి.

ప్రశ్న: గాయకులు చెవుల్లో పెట్టుకునే ఆ చిన్న పరికరాలు ఏమిటి? వాటిలో ఎవరో పాట అందిస్తుంటారా?

జవాబు: పాట అందించేవాళ్ళు ఉండవచ్చు కానీ, అసలు ఉపయోగం అది కాదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో నడుస్తుంది. అంటే పది మీటర్ల అవతల ఉన్న డ్రమ్ము దెబ్బ గిటారిస్టు చెవికి చేరేసరికి సెకనులో సుమారు ముప్ఫైనాలుగో వంతు గడిచిపోతుంది. హాలు వెనుక గోడను తాకి తిరిగివచ్చే శబ్దం ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఈ రెండింటి మధ్య గాయకుడు తన గొంతును తానే వినలేక, మరింత గట్టిగా పాడి గొంతు పోగొట్టుకుంటాడు. అందుకే అతని పాదాల దగ్గర, అతని వైపు తిరిగిన స్పీకర్లు పెట్టేవారు. ఇప్పటికీ చాలా చోట్ల అవే ఉంటాయి. వాటితో వచ్చే చిక్కు కీచుమనే కూత. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం మైకులోకి దూరి, మళ్ళీ స్పీకరు నుంచి మరింత పెద్దదై వచ్చి, చక్రంలా తిరుగుతుంది. వేదిక మైకులు సాధారణంగా ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకుని, వెనుక నుంచి వచ్చేదాన్ని వదిలేస్తాయి. కాబట్టి స్పీకరును మైకు వీపు వైపు పెట్టాలి. కొందరు గాయకులు మైకు జాలీని అరచేత్తో కప్పి పాడతారు. చూడడానికి బాగుండవచ్చు కానీ, అలా కప్పినప్పుడు మైకుకు ఉన్న ఆ వెనుక వడపోత పోయి, నాలుగు దిక్కుల శబ్దాన్నీ పీల్చుకుంటుంది. ఆ సమయంలో మిక్సరు దగ్గర కూర్చున్న మనిషి ముఖం చూడదగ్గది!

చెవి పరికరాలు ఈ చిక్కులన్నింటినీ తగ్గిస్తాయి. బయటి రొదను ఆపి, ప్రతి వాద్యకారుడికీ అతను కోరిన పాళ్ళలో కలిపిన శబ్దాన్ని, కొన్నిసార్లు డ్రమ్మరుకు తాళపు టిక్కుటిక్కులను కూడా అందిస్తాయి. జనం కేకలు వినపడక ఒంటరిగా గదిలో పాడుతున్నట్టు అనిపిస్తుందని గాయకులు నొచ్చుకోవడం వల్ల, వేదిక అంచున జనం వైపు తిప్పి కొన్ని మైకులు పెట్టి, ఆ సందడిని కూడా కొంచెం కలుపుతారు. నడుముకు కట్టుకునే రిసీవరుకు శబ్దం రేడియో తరంగాల మీద వస్తుంది. ఈ తరంగాల కేటాయింపు దేశానికో తీరుగా ఉంటుంది. మొబైల్ సేవల కోసం అమెరికాలో 2017లో 600 మెగాహెర్ట్జ్ శ్రేణిలో చాలా భాగాన్ని వేలం వేశాక, ఆ శ్రేణిలో పనిచేసే వైర్‌లెస్ మైకులను ఎన్నో బృందాలు పక్కన పెట్టవలసి వచ్చింది. అందువల్ల ప్రతి కొత్త చోటా ఏ తరంగాలు ఖాళీగా ఉన్నాయో వెతికే పని ఒక మనిషికి ప్రత్యేకంగా ఉంటుంది.

చెవి గురించి అడిగారు కనుక ఒక మాట. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు మాత్రమే భరించవచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. రాక్ కచేరీలో మామూలుగా ఉండే 100 డెసిబెళ్ళ దగ్గర అది పదిహేను నిమిషాలే. ముందు వరుసలో నిలబడే ప్రేక్షకులు చెవి బిరడాలు పెట్టుకోవడం పిరికితనం ఎంతమాత్రం కాదు.

ప్రశ్న: విదేశాలకు వెళ్ళినప్పుడు అక్కడి కరెంటు మీద ఇవన్నీ పనిచేస్తాయా?

జవాబు: అన్నీ పనిచేయవు, ఈ సంగతి తెలియక కాలిపోయిన ఆంప్లిఫయర్లు లెక్కలేనన్ని. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (అంటే కరెంటుకు సెకనుకు 60 ఆవృత్తులు). ఐరోపాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే, పైగా ఆ దేశపు తూర్పు భాగంలో 50 హెర్ట్జ్, పడమటి భాగంలో 60 హెర్ట్జ్. ఇప్పటి డిజిటల్ పరికరాల్లో చాలావాటికి ఈ తేడాలు లెక్కలేదు, ఏ వోల్టేజీనైనా అవే సర్దుకుంటాయి. పాత వాల్వు ఆంప్లిఫయర్లకు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. 120 వోల్టుల దాన్ని 230కి తగిలిస్తే ఫ్యూజు పోయి బతికిపోవడం అదృష్టం.

వోల్టేజీ సమస్య డబ్బుతో తీరుతుంది. హెర్ట్జ్ సమస్య అలా కాదు. దీనికి మంచి ఉదాహరణ 1935లో వచ్చిన హ్యామండ్ ఆర్గన్. దానిలో పళ్ళ చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతూ స్వరాలను పుట్టిస్తాయి. ఆ చక్రాలను తిప్పే మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. 60 హెర్ట్జ్‌కు చేసిన వాద్యాన్ని 50 హెర్ట్జ్ మీద నడిపితే చక్రాల వేగం ఆరింట అయిదు వంతులకు పడిపోయి, వాద్యం మొత్తం మూడు స్వరస్థానాలకు పైగా కిందికి జారుతుంది. మన సంగీతం భాషలో చెప్పాలంటే, సాధారణ గాంధారం నొక్కితే షడ్జమం పలుకుతుంది! ఎంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తగిలించినా ఇది మారదు. హెర్ట్జ్‌నే మార్చి ఇచ్చే యంత్రం వేరుగా కావాలి. దీనికి తోడు, పీఠమూ పాదపు మెట్లూ కలిపితే బి-3 నమూనా 190 కిలోలకు పైగా తూగుతుంది. కనుక చాలామంది ఆర్గన్ వాద్యకారులు ఆ నాదాన్ని అనుకరించే తేలికపాటి కీబోర్డుతో సరిపెట్టుకుంటారు, లేదా వెళ్ళిన దేశంలోనే అక్కడి కరెంటుకు తగినదాన్ని అద్దెకు తీసుకుంటారు.

ప్రశ్న: మైకు ముట్టుకుంటే పెదవులకు షాకు కొట్టడం విన్నాం. గిటారు చేతిలో ఉంటే ప్రాణాపాయమా?

జవాబు: అవును, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. మైకు లోహపు ఒళ్ళు మిక్సరు ఎర్తుకు కలిసి ఉంటుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కదాని ఎర్తింగు సరిగా లేకపోయినా, ఒక చేయి తీగల మీద ఉండగా పెదవులో రెండో చెయ్యో మైకును తాకితే, కరెంటు మనిషి గుండా ప్రవహించవచ్చు. స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీద ఎర్తింగు లేని మైకును తాకి మరణించాడు. గుయ్యిమనే రొద పోవాలని ప్లగ్గులోని ఎర్తు పిన్నును తీసేసే అలవాటు కొందరికి ఉంది. అది రొదను ఆపి ప్రాణం మీదికి తెచ్చే పని. ఆ రొద పోవాలంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, ఎర్తును విడదీసే మీట గల డీఐ బాక్సు (వాద్యం సంకేతాన్ని నేరుగా మిక్సరుకు పంపే చిన్న పెట్టె) వాడాలి. వేదిక మీదకు వెళ్ళగానే మీటరుతో గిటారు తీగకూ మైకు జాలీకీ మధ్య వోల్టేజీ కొలవడం ఒక్క నిమిషం పని.

ప్రశ్న: పెద్ద స్పీకర్లను అరటి గెలలా వంపుగా ఎందుకు వేలాడదీస్తారు?

జవాబు: ఒక్క స్పీకరు నుంచి శబ్దం అన్ని వైపులకూ చెదిరిపోయి, దూరం రెట్టింపు అయినప్పుడల్లా ఆరు డెసిబెళ్ళు తగ్గుతుంది. స్పీకర్లను నిలువు వరుసలో దగ్గర దగ్గరగా పేరిస్తే శబ్దం పైకీ కిందికీ చెదరకుండా పలకలా ముందుకు సాగి, కొంత దూరం వరకు ఆ తగ్గుదల మూడు డెసిబెళ్ళే ఉంటుంది. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియన్ హైల్ 1992లో తెచ్చిన వి-డాస్క్ అనే స్పీకర్ల వ్యవస్థ ఈ పద్ధతికి వేదికల మీద దారి తీసింది. వరుస కింది భాగంలోని వంపు ముందు కూర్చున్నవారి కోసం, నిటారుగా ఉన్న పై భాగం వెనుక ఉన్నవారి కోసం. మైదానం మధ్యలో కనిపించే స్తంభాల మీది స్పీకర్లు కావాలనే ఆలస్యంగా మోగుతాయి. వేదిక నుంచి వంద మీటర్ల దూరంలో ఉంటే సుమారు 0.29 సెకను ఆలస్యం. రాత్రి చల్లబడేకొద్దీ శబ్దం వేగం తగ్గుతుంది కనుక ఆ లెక్కను మళ్ళీ సరిచేస్తారు.

ప్రశ్న: పాత గిటార్లను సరిహద్దు దాటించేటప్పుడు కాగితాలు అడుగుతారట, నిజమేనా?

జవాబు: నిజమే. అమ్మడానికి కాదు, తిరిగి తీసుకువెళ్ళడానికే తెచ్చామని చూపించే ఏటీఏ కార్నె అనే పత్రం ఉంటే, దాన్ని అంగీకరించే దేశాల్లో సుంకం కట్టనక్కరలేదు. దానిలో ప్రతి వస్తువూ క్రమసంఖ్యతో సహా రాసి ఉండాలి, అది ఒక ఏడాది వరకు చెల్లుతుంది. రెండోది కలప సంగతి. రోజ్‌వుడ్ జాతులన్నిటినీ 2017 జనవరి 2 నుంచి, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం ఆంక్షల కిందికి తెచ్చి, సంగీత వాద్యాలకు ఎదురైన ఇబ్బందుల దృష్ట్యా 2019 నవంబరు చివర్లో తయారైన వాద్యాలను చాలావరకు మినహాయించింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం 1992 నుంచి ఉన్న కఠిన ఆంక్ష అలాగే ఉంది. కనుక ఆ కలప ఉన్న పాత గిటారును ఇంట్లోనే ఉంచి, మరొకటి తీసుకువెళ్ళడం తెలివైన పని.

ప్రశ్న: మాది కొత్త బ్యాండ్. త్వరలో ఊళ్ళు తిరగడం మొదలుపెడుతున్నాం, చేతిలో డబ్బు తక్కువ. దేని మీద ముందు ఖర్చు పెట్టాలి?

జవాబు: కొత్త గిటారు మీద వద్దు. గట్టి పెట్టెల మీద, కేబుళ్ళ మీద పెట్టండి. లారీలోనూ విమానంలోనూ వాద్యాలు దెబ్బతినేది ఎక్కించి దించేటప్పుడే. చలిలో వచ్చిన పెట్టెను వెంటనే తెరవకుండా కాసేపు అలాగే ఉంచితే పైపూత పగలదు. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం ఆరు మీటర్లకు మించిన మామూలు కేబుల్‌లో పదును కోల్పోతుంది, కాబట్టి పొడవు తగ్గించుకోండి. బేస్‌కూ కీబోర్డుకూ చెరో డీఐ బాక్సు ఉంచుకోండి. అదనపు తీగలు, ఆంప్లిఫయర్‌కు సరిపడే ఫ్యూజులు, వాల్వులు, డ్రమ్ముకు ఒక అదనపు పెడలు ఎప్పుడూ మీతోనే ఉండాలి. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చేతిసంచిలోనే తీసుకువెళ్ళాలి, సామాన్లలో పెట్టనివ్వరు. డ్రమ్ములు, స్పీకర్ పెట్టెల వంటి బరువైనవి హాలువారి దగ్గర ఉంటాయేమో ముందే కనుక్కోండి. ఎవరు ఎక్కడ నిలబడతారో చూపించే పటమూ, ఏ మైకు ఏ ఛానెల్లోకి వెళ్ళాలో రాసిన జాబితా కచేరీకి కనీసం వారం ముందు వారికి చేరాలి. ఒక్క ప్లగ్గు బోర్డు కావలసి ఉన్నా, అది వేదికకు ఏ మూలన కావాలో కూడా ఆ పటంలో చూపించండి.